డ్రైవర్ సాబ్ చూపుడువేలు

మొన్నామధ్య నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సెక్కాను. డబ్బులడగని జీరో టికెట్ వచ్చినప్పటి నుంచి మా వైపు బస్సుల్లో ఆడవాళ్లం కాలు పెట్టే జాగా లేకుండా నిండిపోతున్నాం. అదృష్టం కొద్దీ కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలోంచి పరీక్ష పేపర్ల కట్ట తీసి దిద్దుకుంటూ కూర్చున్నాను. మూడో పేపరు సగంలో ఉండగా తల ఎత్తితే బస్సు ఊరి చివరి ఇళ్లు దాటుతోంది. ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదు. నడవలో నిలబడ్డ పాతిక మందిలో ఒక్కరూ తూలలేదు, ఒక్కరూ పక్కవాళ్ల కాలు తొక్కలేదు. నా ఎర్ర పెన్ను గీత కూడా వంకర పోలేదు.

పేపర్లు ఒళ్లో పడేసి, జనం సందుల్లోంచి మెడ చాచి డ్రైవరు సీటు వైపు చూశాను. ఎవరో ముప్పై ఏళ్ల మనిషి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. నేను వెతికిన మనిషి పోయి అప్పటికి ఏడాదిన్నర. తెలిసే వెతికాను. ఆ పూట ఇక ఒక్క పేపరు కూడా దిద్దలేదు.

ఆయన్ని అందరూ డ్రైవర్ సాబ్ అనేవారు. మొదట్లో నేనూ అలాగే పిలిచాను, తర్వాత కాకా అన్నాను. నాకు ఆయన పరిచయం కావడానికి కారణం ఒక మోటారు. అరచేతిలో ఇమిడేంత మోటారు.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. నాకు రిమోట్ కార్ల పిచ్చి. ముప్పై అయిదేళ్ల లేడీ లెక్చరర్ ఆదివారం పొద్దున బొమ్మకారు చంకలో పెట్టుకుని మార్కెట్ యార్డుకు పోతుందంటే మా వీధిలో చాలామందికి నవ్వులాట. నవ్వితే నవ్వనీ అని ఎప్పుడో వదిలేశాను. ఆ కారు అసలు కారులో పదో వంతు ఉంటుంది. దానికి మామూలు మోటారు చాలు. నేను మాత్రం దొరికినవాటిలో అన్నింటికన్నా పెద్ద నంబరు ఉన్న బ్రష్‌లెస్ మోటారు తెప్పించి బిగించాను.

ఆ తప్పు నా పుట్టుకలోనే ఉంది. మాది కట్టంగూరు దగ్గర పల్లె. మా దిక్కు రైతు ఎవరూ బోరుకు సరిపోయే మోటారు పెట్టడు, ఒక సైజు పెద్దదే పెడతాడు. అయిదు హెచ్‌పీ చాలే చోట మా బాపు ఏడున్నర దించేవాడు. "గీ కరెంటుకు ఏడున్నర పెడితెనే అయిదు లెక్క పనిచేస్తది. పెద్దదుంటె ఫికరుండదు బిడ్డ" అనేవాడు. క్లాసులో బలానికీ బరువుకూ లెక్కలు కట్టి చూపించే నేను, సొంత కారు దగ్గరికి వచ్చేసరికి బోరు రైతు బిడ్డనైపోయాను. బాపు మోటారుకు కరెంటు అందేది కాదు. నా బ్యాటరీ మాత్రం అడిగిందంతా ఇచ్చేసేది.

ఫలితం అనుభవించాను. రిమోట్‌కు తుపాకీలో ఉన్నట్టు ఒక ట్రిగ్గర్ ఉంటుంది, దాన్ని చూపుడువేలితో నొక్కాలి. అలా తాకీ తాకకముందే కారు ముందు చక్రాలు ఎత్తి, వెనక్కి పల్టీ కొట్టి, వెల్లకిలా పడి గిలగిలా కొట్టుకునేది. టైర్లు పూరీల్లా పొంగేవి. గేరు పళ్లు రాలిపోయేవి. మోటారు మీద వేలు పెడితే చురుక్కుమనేది. రెండు వారాల్లో మూడు గేర్లు మార్చాను.

వడ్లూ పత్తీ రాని ఆదివారాల్లో మార్కెట్ యార్డులో సిమెంటు గచ్చు ఖాళీగా ఉంటుంది. గోనెసంచులు మడిచి మలుపులు కట్టుకుని అక్కడే తిప్పేదాన్ని. యార్డుకు ఆనుకునే బస్సుల డిపో, మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. ఒక ఆదివారం కారు వరసగా నాలుగోసారి పల్టీ కొట్టింది. లేపడానికి వంగుతుంటే గోడ అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది.

"మేడమ్, గా బండ్ల ఎవ్వలన్న కూసున్నరా?"

చూస్తే గోడ మీద మోచేతులు ఆనించి ఒక పెద్దమనిషి. మీసాలు తెల్లబడ్డాయి, మెడ వెనక చేతిరుమాలు మడిచి పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. బొమ్మకారులో ఎవరు కూర్చుంటారు అన్నాను.

"గందుకే గట్ల తోలుతున్నరు" అన్నాడు. ఎగతాళేమీ లేదు ఆ గొంతులో. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పాడు.

పక్క గేటులోంచి తిరిగి యార్డులోకి వచ్చాడు. నేను రిమోట్ ఇస్తాననలేదు, ఆయనా అడగలేదు. ముందు చెప్పులు విప్పాడు. మూరెడు కూడా లేని ఆ కారు చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగి, వంగి, నాలుగు టైర్లనూ వేలి ముడితో ఒక్కొక్కటే కొట్టి చూశాడు. అప్పుడు చేయి చాచాడు. ఎందుకో ఇచ్చేశాను. రిమోట్ పక్కనుండే బుల్లి స్టీరింగును కళ్లకద్దుకుని, కండక్టరు లేడు కాబట్టి తనే మెల్లగా "రైట్ రైట్" అనుకుని, ట్రిగ్గర్ నొక్కాడు. కారు అచ్చం నాకు కొట్టినట్టే ఆయనకూ పల్టీ కొట్టింది. నేను నవ్వు ఆపుకోలేదు. ఆయన సిగ్గుపడనూ లేదు.

"దీన్ల నిమ్మలం అనేదే లేదు మేడమ్. ఉంటె ఊకుంటది, లేకుంటె ఉరుకుతది. నడుమ ఏం లేదు" అన్నాడు. నా మోటారు జబ్బు గురించి అంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇరవై ఆరేళ్లు ఎర్ర బస్సు నడిపిన మనిషి. చివరి రూటు నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా పాలమూరు. రిటైరు కావడానికి రెండేళ్లు ఉందనగా కంటి పరీక్షలో పక్కచూపు తగ్గిందని తేలింది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కనున్నది చీకటి. స్టీరింగు మీది నుంచి దించి డిపో గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే బస్సు, పోయే బస్సు నంబరు రాయడం ఆయన పని. డిపోలో మాత్రం డ్రైవర్ సాబ్ అన్న పిలుపు అలాగే ఉండిపోయింది. కొందరు మర్యాదకు అనేవారు, కొందరు ఆటపట్టించడానికి అనేవారు. ఇద్దరికీ ఒకే తీరున పలికేవాడు. మనిషి పలుకుతాడు గానీ, ఆ పిలుపు వినగానే ఒక్క క్షణం చేతివేళ్లు ముడుచుకునేవి. అది నేను చాలా రోజుల తర్వాత కనిపెట్టాను.

ఆయనకున్న గొప్ప అంతా డీజిలు పొదుపులో. డిపో మొత్తంలో లీటరుకు తన బస్సు ఇచ్చినన్ని కిలోమీటర్లు ఎవరి బస్సూ ఇవ్వలేదట. ఏ బండిని చూసినా మొదటి ప్రశ్న అదే, "లీటరుకెంతిస్తది?" యార్డులో ఆగిన లారీలను అడిగాడు, ట్రాక్టర్లను అడిగాడు. నా కారునూ అడిగాడు. ఇది బ్యాటరీ బండి కాకా అంటే, "మరి బ్యాటరీకెన్ని చుట్లొస్తది?" అన్నాడు. అప్పటిదాకా నేను చుట్టుకు ఎన్ని సెకన్లో చూసుకున్నదాన్నే గానీ బ్యాటరీకి ఎన్ని చుట్లో లెక్కపెట్టలేదు. నాలుగో ఆదివారానికి మేడమ్ పోయి బిడ్డ వచ్చింది.

చిన్న మోటారు వేస్తే పోయేది కదా అని మీరనుకుంటారు. నేనూ అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "బలమున్నదని దాన్నెందుకు తీసేస్తవు బిడ్డ? బలం దాని తప్పు గాదు. అడిగే తీరు మనకు తెలుస్తలేదు" అన్నాడు.

మరుసటి వారం జేబులోంచి ఒక అగ్గిపెట్టె తీశాడు. బీడీ తాగే అలవాటు లేదు, దీనికోసమే కొన్నాడు. కారు పైకప్పు మీద దాన్ని నిలువుగా నిలబెట్టాడు. "గీమె మల్లవ్వ. సీటు దొరకలే, నిలవడ్డది. చేతిల సంచి గూడ ఉన్నది. ఇగ తోలు."

ట్రిగ్గర్ తాకాను. మల్లవ్వ ఎగిరి నాలుగు గజాల అవతల పడింది.

"దవాఖానకు తీస్కపోదామా?" అన్నాడు.

నెలన్నర పాటు మల్లవ్వను గచ్చు మీది నుంచి ఏరుకుంటూనే ఉన్నాం. పని మేమిద్దరం పంచుకున్నాం. మోటారు కొసనుండే పళ్లచక్రం, అంటే పినియన్, ఇరవై నాలుగు పళ్లది తీసి పదిహేడు పళ్లది వేశాను. వేలు కదిపినప్పుడు మోటారు ఎంత దూకుడుగా అందుకోవాలో చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుంది, పంచ్ అంటారు. తొమ్మిదిలో ఉన్న దాన్ని ఒక్కొక్క మెట్టే దించాను. బ్యాటరీ చిన్నది చేశాను. చక్రాలకు సమతూకం చేసే దుకాణం నుంచి సీసం బిళ్లలు తెచ్చి కారు ముక్కుకు అతికించాను. ఒక్కో మార్పుకూ ఆయన వేలు తీర్పు చెప్పేది. "ఇంక కోపమున్నది" అనేవాడు. తర్వాతి వారం, "కోపం పోయింది, తొందర పోలేదు." పంచ్ రెండుకు వచ్చిన రోజు కారు కదిలింది. మల్లవ్వ నిలబడే ఉంది. గచ్చు పొడుగునా నిలబడే పోయింది. ఆయన చప్పట్లు కొట్టలేదు, నా భుజం తట్టలేదు. మెడ వెనక రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. మల్లవ్వ ఎవరు కాకా అని ఆ రోజు అడిగాను.

"ఎక్కేటోళ్లందరు మల్లవ్వలే బిడ్డ" అని ఊరుకున్నాడు.

మా గోనెసంచుల దారికి తన రూటులో ఊళ్ల పేర్లు పెట్టాడు. మొదటి మలుపు కొండమల్లేపల్లి. ఇరుకు మలుపు దేవరకొండ. పొడుగాటి దారి కల్వకుర్తి రోడ్డు. కారు నడుపుతూ ఆ పేర్లు పెదాల మీదే చదివేవాడు. దేవరకొండ మలుపు ఆయన నిలబడే చోటికి పక్కగా ఉండేది. అక్కడికి పోయేసరికి కారు ఆయన చూపు దాటిపోయేది. అప్పుడు తల కొంచెం వంచి మోటారు శబ్దం వింటూ తిప్పేవాడు. కల్వకుర్తి రోడ్డు మీద మళ్లీ కారు కంటికి చిక్కగానే "ఆఁ, వచ్చిండు" అనేవాడు. ఆ "వచ్చిండు" కోసం నేను ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఆదివారం యార్డులో ఒక్కదాన్నే కారు తిప్పుతున్నప్పుడు ఆ మలుపు దగ్గర నా చెవి దానంతటదే ఆగుతుంది. ఎంత కావాలనిపిస్తుందో ఆ ఒక్క మాట, చెప్పలేను.

ఆ చలికాలం పాలమూరులో ఒక ఫంక్షన్ హాలు ఆవరణలో పోటీ పెట్టారు. హైదరాబాదు నుంచి, కర్నూలు నుంచి కూడా వస్తున్నారన్నారు. కారు నాది, నడిపేది నువ్వు అని నేనే కాకాను బయలుదేరదీశాను. పొద్దున్నే బస్టాండుకు వచ్చేసరికి ఖాకీ బట్టల్లో ఉన్నాడు. గేటు పనిలో పడ్డాక పెట్టెలో పెట్టేసిన జత, మడతలు కత్తిలా ఉన్నాయి. "మంచిగున్నదా?" అన్నాడు. చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

పోటీ కాగితం మీద ఒక వరస ఉంటుంది. రిమోట్ కార్ల పోటీలో కారు నడిపేవాళ్లను కూడా డ్రైవర్లనే అంటారు, కాబట్టి ఆ వరస మీద డ్రైవర్ పేరు అని రాసి ఉంది. కాకా ఆ రెండు మాటలూ వేలు పెట్టి చదివాడు. పెన్ను నా చేతిలోంచి తీసుకుని తనే రాశాడు. పేరుకు ముందు మళ్లీ డ్రైవర్ అని కూడా రాశాడు. అక్కరలేదు కాకా అనబోయి ఆగాను.

"ఒక ఫోటో తియ్యి బిడ్డ. మా ఇంటామెకు చూపెడ్త. ఆమె అప్పటి సంది బస్సు సప్పుడైతె బయటికొస్తలేదు" అన్నాడు. ఆయన్ని స్టీరింగు మీది నుంచి దించిన రోజు ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు. ఆ మాటతో కొంత అర్థమైంది. ఆయనకు ఆ పోటీలో గెలుపు అక్కరలేదు. నిలబడ్డ మనుషుల్ని పడేయకుండా తీసుకుపోగల డ్రైవరునని నలుగురి ముందు ఇంకొకసారి తేలాలి, అంతే.

పొద్దుటి పరుగుల్లో అదే తేలింది. మిగతావాళ్ల కార్లు ఎగిరి, దొర్లి, గోడలకు కొట్టుకుంటుంటే మాది గీత గీసినట్టు పోయింది. బయలుదేరడంలో వెనకబడేది, చివరికి వచ్చేసరికి ముందుండేది. చివరి పోటీకి ఎనిమిది మందిని తీసుకుంటే మేము నాలుగో స్థానంలో ఉన్నాం. హైదరాబాదు పిల్లలు వచ్చి, "అంకుల్, మీ సెటప్ ఏంటి?" అని అడిగారు. కాకా వాళ్లకు చూపుడువేలు చూపించాడు.

మధ్యాహ్నం ఆయన చెట్టు నీడకు పోయి జొన్నరొట్టె డబ్బా విప్పుకున్నాడు. కారు నా దగ్గరే ఉంది. పొడుగు దారిలో మేం వెనకబడుతున్నామని పొద్దుటి నుంచీ చూస్తున్నాను. అంత బలమున్న మోటారు, దాన్ని సగం కూడా వాడటం లేదు. నాలోని బోరు రైతు మేల్కొన్నాడు. పినియన్‌కు మూడు పళ్లు పెంచాను. పంచ్ రెండు నుంచి అయిదుకు ఎక్కించాను. పది నిమిషాల పని. గెలిస్తే ఆయనే సంతోషిస్తాడని నాకు నేను చెప్పుకున్నాను. పేర్లు పిలిచారు. కాకా చేయి కడుక్కుని వచ్చి, రిమోట్ తీసుకుని, మెట్లెక్కి డ్రైవర్లు నిలబడే ఎత్తు చెక్క మీదికి పోయాడు. మా మధ్య నాలుగు అడుగుల దూరం. చెప్పడానికి అది చాలు. చెబితే వద్దంటాడని తెలుసు, అందుకే చెప్పలేదు.

బయలుదేరే హారను మోగింది. మా కారు ముందు కాళ్లెత్తి వెల్లకిలా పడింది. దారి పక్కన నిలబడ్డ వ్యక్తి పరుగెత్తి దాన్ని లేపి నిలబెట్టాడు. కాకా వేలు ఈసారి ఇంకా మెత్తగా కదిలింది. కారు మళ్లీ లేచింది, పక్క కారును గుద్దుకుంది. జనంలో ఎవరో ఈల వేశారు. మూడోసారి ఆయన దాన్ని ఎట్లాగో పట్టుకున్నాడు. అన్ని చుట్లూ పూర్తి చేశాడు, అందరికంటే చివర. మిగతా డ్రైవర్లు దిగిపోయాక కూడా ఒక్కడే ఆ చెక్క మీద నిలబడి ఆఖరి చుట్టు తిప్పాడు. ఖాకీ చొక్కా వీపంతా తడిసిపోయింది.

పోటీ పెట్టిన మనిషి నా పక్కకు వచ్చాడు. "జనంలో మీ నల్లగొండ డిపో ఆయనెవరో అన్నాడు, పెద్దాయనకు చూపు ఆనదట కదా మేడమ్. తెలిసి కూడా ఎందుకెక్కించారు?" అన్నాడు. కాకా అప్పుడే మెట్లు దిగి మా పక్కకు వచ్చి నిలబడ్డాడు. తప్పు ఆయన చూపుది కాదు, కారును చెడగొట్టింది నేను అని చెప్పాల్సిన చోటు అది. తల వంచుకుని కారు టైరు తిప్పుతూ కూర్చున్నాను.

కాకా రిమోట్ రెండు చేతులతో నాకు అందించాడు. "నా ఏలు తప్పింది బిడ్డ. బండికేమన్న దెబ్బ తాకిందా?"

"లేదు కాకా" అన్నాను. ఆ సంగతి గురించి ఆ రోజు నేను ఆయనతో అన్నది ఆ ఒక్క మాటే.

తిరుగు బస్సులో ఆయన పొద్దుటిలాగే డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు, కానీ రోడ్డు చూడలేదు. కల్వకుర్తి దాటాక, ఫోటో నీ ఫోనుకు పంపాలా కాకా అని అడిగాను. "ఇప్పుడొద్దులే బిడ్డ. తర్వాత సూద్దాం" అన్నాడు. ఇంటికి రాగానే తలుపు వేసుకుని పాత పినియన్ మళ్లీ బిగించాను, పంచ్ రెండుకు దించాను. దొంగ తను ముట్టిన చోటు తుడిచినట్టు తుడిచాను.

ఆ తర్వాత ఆయన రిమోట్ పట్టలేదు. రెండుసార్లు ఇవ్వబోయాను. "నువ్వు తోలు బిడ్డ, నేను సూస్త" అన్నాడు. డిపోలో కబురు తెలిసిపోయింది. డ్రైవర్ సాబ్ బొమ్మకారును కూడా బోల్తా కొట్టించాడట అని ఒకరు గోడ అవతల నవ్వుతుంటే నా చెవులతో విన్నాను. అయినా ప్రతి ఆదివారం గోడ దగ్గరికి వచ్చేవాడు. మోచేతులు ఆనించి, కారు రెండు చుట్లు తిరిగేదాకా చూసి, "ఇంకేం సంగతి బిడ్డ?" అనేవాడు.

"ఏం లేదు కాకా" అనేదాన్ని.

కాసేపు అలాగే నిలబడి వెళ్లిపోయేవాడు. రిటైరయ్యేదాకా, దగ్గర దగ్గర ఎనిమిది నెలలు, ఇదే మాట, ఇదే జవాబు. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయనకు ఆ సంగతి తెలియదు కదా, తెలిస్తే నన్నెలా చూస్తాడో అన్న భయం. ఇంకా నిజం చెప్పాలంటే, చెప్పని రోజులు గడిచేకొద్దీ చెప్పడం బరువైపోయింది. రిటైరయ్యాక కిరాయి ఇల్లు ఖాళీ చేసి, కొండమల్లేపల్లి అవతల సొంత ఊరికి వెళ్లిపోయారు. ఆ వానాకాలమే ఛాతీలో నొప్పి వచ్చి పోయాడు. దినాలు కూడా అయిపోయాక గేటు దగ్గర కొత్తగా కూర్చున్న మనిషి గోడ మీంచి చెప్పాడు. నేను కారు ఆపలేదు. అది పోయి గోడకు కొట్టుకుని ఆగింది.

కుదుపు లేకుండా కదిలిన ఆ బస్సు దిగాక వారం రోజులు నాకు స్థిమితం లేదు. తర్వాతి ఆదివారం ఆ ఊరికి పోయాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు, డ్రైవర్ సాబ్ ఇల్లు ఏదంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. ఆయన భార్య వాకిట్లో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. నేనెవరో చెప్పబోతే, "పాలమూరు బండి మేడమ్‌వే గద. కూసో బిడ్డ" అంది. మంచినీళ్లిచ్చింది. తాగే ఓపిక లేక చెంబు పక్కన పెట్టి, ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. పినియన్ మార్చింది నేనే చిన్నమ్మా, పంచ్ పెంచింది నేనే, కాకా వేలు తప్పలేదు, నలుగురూ ఆయన్ని అంటుంటే నోరు మూసుకున్నది కూడా నేనే.

ఆమె చేతిలో ఉన్న గింజ తీసి పక్కన వేసింది.

"ఎర్కే బిడ్డ. ఆ పొద్దు ఇంటికి రాంగనే చెప్పిండు. బండి మొదటి సప్పుడుకే ఎర్కైందట, లోపట చక్రం పండ్లు మారినయని."

"మరి నన్ను ఒక్క మాట ఎందుకడగలేదు చిన్నమ్మా?"

"నేను గూడ గదే అన్న. అడుగరాదా, మంది నిన్ను అనవట్టిరి గద అన్న. ఆయనేమో, నేనడిగితె పిల్ల చిన్నవోతది, ఆమెనే చెప్తది, చెప్పినంక మల్ల తోలుత అన్నడు." ఆమె చింతపండు ముద్ద ఇంకొకటి చేతిలోకి తీసుకుంది. "ఐతారం ఐతారం గోడ కాడికి పోయొచ్చేటోడు. ఇయ్యాల గూడ చెప్పలే అనుకుంట కాళ్లు కడుక్కునేటోడు."